వెనక నుంచి పిలిస్తే

ముప్పై ఒక్క ఏళ్లు పరీక్ష హాళ్లలో కాపలా కాసినదాన్ని. లెక్కల టీచరుగా నేను ఎవరికీ గుర్తుండకపోవచ్చు గాని, కాపీ కొట్టేవాళ్లను పట్టుకోవడంలో నా పేరు చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పాకింది. ముక్కు గోక్కుంటే మొదటి జవాబు, జుట్టు సవరించుకుంటే రెండోది, దగ్గితే మూడోది. సైగ పూర్తయ్యేలోపే నా చెయ్యి వాళ్ల జబ్బ మీద ఉండేది. రిటైరైన మూడో నెలలో మా చెల్లెలి ఇంటికి పది రోజులుందామని వెళ్లాను. వెళ్లిన మర్నాడు పొద్దున్నే, మా మరిది బాల్కనీలో నిలబడి ఎదురు బాల్కనీలోని ఆడమనిషితో సైగలు చేస్తూ కనిపించాడు. ఇక నేను ఊరుకుంటానా?

ఆ ఊరు నది వల్ల పుట్టింది. నూట యాభై ఏళ్ల కిందట ఎవరో ఒడ్డున నీటిచక్రం పెట్టి బట్టల మిల్లు కట్టారట. దాని పక్కన ఇంకోటి, దాని వెనక మరోటి. ఇప్పుడు సగం మూతపడ్డాయి. పొగగొట్టాలు మాత్రం అలాగే నిలబడి ఉన్నాయి. రంగులద్దే షెడ్డు దాటాక నది ఒకరోజు నీలంగా, ఒకరోజు ఇటుక రంగులో పారుతుంది. పని వెతుక్కుంటూ ఎక్కడెక్కడి జనమో వచ్చి అక్కడ స్థిరపడ్డారు. వీధి మలుపు తిరిగితే దుకాణాల బోర్డుల మీద లిపి మారిపోతుంది. వంకాయలు కావాలంటే వేలు పెట్టి చూపించడమే. మా చెల్లెలి వాళ్ల క్వార్టర్సు నాలుగంతస్తుల మేడ, మధ్యలో ఆరుబయలు, దానికి అడ్డంగా బట్టలారేసే తీగలు. కింద వాటాలో మిల్లు బాయిలరు చూసుకునే తాతది ఒక భాష, రెండో అంతస్తు ప్యాకింగు వాళ్లది ఇంకొకటి, ఎదురు బాల్కనీ ఆవిడది మూడోది. మన మాట మాట్లాడేది మా చెల్లెలిల్లు ఒక్కటే. చుట్టూ ఏం మాట్లాడుకుంటున్నారో తెలియనిచోట నాకు ఊపిరాడదు. నన్నే ఏదో అంటున్నారనిపిస్తుంది.

ఆ ఎదురింటావిడకు యాభై దాటి ఉంటాయి. మనిషి పుల్లలా ఉంటుంది. రాత్రి పని ముగించుకుని అప్పుడే వచ్చినట్టుంది, తలకు కట్టుకున్న గుడ్డ మీద దూది అంటుకుని ఉంది. ఏడు వేళ్లు చూపించింది. తర్వాత పిడికిలితో అరచేతిలో రెండుసార్లు కొట్టింది. పెదాలు కదిలాయి గాని గొంతు లేదు. మా మరిది తలూపి, తనూ ఏడు వేళ్లు చూపించి, తనూ పెదాలు కదిపాడు. ఆవిడ నవ్వి లోపలికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఆరింటికి రావలసిన మనిషి ఏడు దాటాక వచ్చాడు. నేను గోడ గడియారం వైపు చూశాను. మా చెల్లెలు చూడలేదు.

మర్నాడు పదకొండు వేళ్లు. పది ఒకసారి, ఒకటి మరోసారి. మళ్లీ పిడికిలి. పదకొండింటికి నేను మిల్లు గేటెదురుగా టీకొట్టులో కూర్చుని కాపు కాశాను. ఎవరూ బయటికి రాలేదు. అంటే జాగ్రత్తపడ్డారన్నమాట. సాక్ష్యం దొరకనంత మాత్రాన నా అనుమానం పోదు. ఇంకా ముదురుతుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుంది, నిజమే. కాని నేను కళ్లు మూసుకునే రకం కాదు.

ఇక ఇంట్లో ఆయనగారి వాలకం కనిపెట్టడం మొదలుపెట్టాను. వెనక నుంచి "మరిదిగారూ" అని పిలిస్తే పలకడు. ఎదురుగా వెళ్తే మాత్రం "చెప్పండి వదినా" అని లేచి నిలబడతాడు. అన్నానికి కూర్చుంటే ఎప్పుడూ గోడకి వీపు ఆనించి, బాల్కనీ కనిపించేలా కూర్చుంటాడు. పట్టపగలు కూడా మాట్లాడాలంటే లైటు వేస్తాడు. అన్నిటికన్నా నాకు మండిందేమిటంటే, నేను మాట్లాడుతున్నంతసేపూ నా నోటి వంకే చూస్తాడు. కళ్లలోకి చూడడు. అరవై ఏళ్లదాన్ని, పెళ్లాం తోడబుట్టినదాన్ని, ఆ ఇంగితమైనా లేదా అని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అంతే, మొహం చిన్నబుచ్చుకుని "ఏంటి వదినా, ఏంటి" అంటూ అడిగిందే రెండుసార్లు అడిగాడు.

వంటింట్లో మా చెల్లెలిని నిలదీశాను.

"మీ ఆయన పిలిస్తే పలకడేంటే?"

"ఏదో ఆలోచనలో ఉంటారక్కా."

"కుక్కరు పక్కనే కూతపెట్టినా కదలడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నీ కాపురం."

దాని చేతిలో గరిటె ఆగింది. "అలాంటి మాటలు అనకు" అంది, నా వైపు తిరక్కుండానే.

"ఆ ఎదురింటావిడ ఎవరు?"

"తెగిన పోగులు అతుకుతుంది. ఈయన షెడ్డే. పాపం, మంచిది."

"ఎంత మంచిది?"

"అక్కా, నువ్వు ఊరు చూడ్డానికొచ్చావు. ఊరు చూడు. ఎల్లుండి పాత మిల్లు చూపిస్తాను."

మాట దాటేసింది. అంటే దీనికి తెలుసు. తెలిసీ దిగమింగుతోంది. మా అమ్మ పోతూ పోతూ దీని చెయ్యి నా చేతిలో పెట్టి పోయింది. ఇది చిన్నప్పటి నుంచీ అంతే, దెబ్బ తగిలితే పరికిణీతో కప్పుకునే రకం. దీని కాపురం నేను నిలబెట్టాలి, ఎవరి కాళ్లయినా పట్టుకుని నిలబెట్టాలి అనుకున్నాను.

బుధవారం పొద్దున, కూరగాయలకని చెప్పి మిల్లు ఆఫీసుకి వెళ్లాను. అక్కడ కార్మికుల మంచిచెడ్డలు చూసే ఆఫీసరు ఒకాయన ఉన్నాడు, మన భాష వాడేనని టీకొట్టులో తెలుసుకున్నాను. వరండాలో బల్ల మీద, చేతిలో ఏదో కాగితం పట్టుకుని, ఎవరు కూర్చుని ఉండాలి? ఎదురింటావిడే. నన్ను చూసి నవ్వింది. నేను తల తిప్పుకుని లోపలికి వెళ్లిపోయాను.

ఆఫీసరు లేచి కుర్చీ చూపించాడు. "మన వాళ్లా అమ్మా? కూర్చోండి కూర్చోండి" అన్నాడు. నాలుగు రోజులుగా ఎవరి మాటా అర్థంకాక బిగుసుకుపోయి ఉన్నానేమో, ఆ ఒక్క మాటకి నా నోరు గండిపడిన చెరువైంది. సైగల దగ్గర మొదలుపెట్టి అన్నీ చెప్పాను. ఆయన మొదట మర్యాదకి వింటున్నాడు. కాసేపటికి కలం తీశాడు.

"వెనక నుంచి పిలిస్తే పలకడంటున్నారు. ఎన్నిసార్లు చూశారు?"

"తొమ్మిదిసార్లు." లెక్క తప్పడం నాకు రాదు.

"ఎదురుగా ఉంటే పలుకుతాడు?"

"పలుకుతాడు, నోటి వంక చూస్తూ. సిగ్గులేకుండా."

"కుక్కరు కూత వేసినా కదల్లేదన్నారు."

"మనసు ఇక్కడుంటేగా బాబూ. అందుకే ఆవిడని వేరే మేడకి మార్చండి. మా చెల్లెలి కాపురం నిలబడుతుంది."

"చూద్దాం. చాలా పనికొచ్చే సంగతి చెప్పారమ్మా" అంటూ టీ తెప్పించాడు. పేరు బయటికి రానివ్వనన్నాడు. ఇంటికి వచ్చి ఆ పూట మారు వడ్డించుకుని తిన్నాను.

మర్నాడు మా చెల్లెలు నన్ను పాత మిల్లుకి తీసుకెళ్లింది. నదిలోకి చొచ్చుకొచ్చిన ఎర్ర ఇటుకల కట్టడం. పనిచేయడం మానేశాక జనం చూడ్డానికని అలాగే ఉంచారు. ఒకప్పుడు అక్కడే నేసిన ముసలావిడ ఒకామె మా గుంపుని వెంటబెట్టుకుని తిప్పింది. ఆమె మాట నాకు రాదు, మా చెల్లెలు ఒక్కో ముక్కా చెబుతూ వచ్చింది. మగ్గాల షెడ్డులోకి వెళ్లాక ముసలావిడ ఒకే ఒక్క మగ్గం నడిపించింది. పోగు లాక్కెళ్లే నాడె అటూ ఇటూ దూసుకుపోతుంటే నేల అదిరి, ఆ అదురు మోకాళ్ల దాకా ఎక్కింది. మా చెల్లెలి పెదాలు కదులుతున్నాయి గాని మాట వినపడలేదు. ఇలాంటివి నూట ఇరవై ఒకేసారి ఆడేవట.

అప్పుడు ముసలావిడ షెడ్డు అవతలి చివరనున్న తన పాత జతగత్తె వైపు తిరిగింది. ఏడు వేళ్లు చూపించింది. పిడికిలితో అరచేతిలో రెండుసార్లు కొట్టింది. అటునుంచి ఆమె తలూపి, ఏడు వేళ్లు చూపించి, పెదాలు కదిపింది.

నేను ఆ వేళ్లు మళ్లీ లెక్కపెట్టాను, ఏడే.

మగ్గం ఆపాక మా చెల్లెలు చెప్పింది. "ఏడో నంబరు మగ్గంలో నాడె కొట్టుకుంటోంది, చూడు అని. ఈ ఊళ్లో ఒకరి భాష ఒకరికి రాదుగా. వచ్చినా ఈ మోతలో వినపడదు. అందుకని అందరూ కలిసి చేసుకున్న మాటలు ఇవి." ముసలావిడ తన చెవి తాకి, చెయ్యి గాలిలోకి విసిరి, ఇంకా ఏదో చెప్పింది. గుంపులో వాళ్లు అయ్యో అన్నట్టు నాలుక చప్పరించారు. మా చెల్లెలు మాత్రం ఆ ముక్క నాకు చెప్పలేదు. తల వంచుకుని చీరకి అంటిన దూది దులుపుకుంటోంది.

తొమ్మిదిసార్లు పలకకపోవడం, లైటు, గోడకి ఆనుకుని కూర్చోవడం, నా నోటి వంక చూడడం. ఒక్కొక్కటే తిరగబడి నా ముందు నిలబడ్డాయి.

"మరిదిగారికి వినపడదా?" అన్నాను.

బయటికొచ్చి నది గట్టున రాతి మెట్ల మీద కూర్చున్నాం. అది ఏడవలేదు, అందుకే నాకు ఇంకా భయం వేసింది. మూడేళ్లయిందట. ఆయన మగ్గాలు బాగుచేసే మేస్త్రీ. మేస్త్రీకి చెవే పనిముట్టు. ఏ మగ్గం ఎలా మూలుగుతోందో విని పసిగట్టాలి. చెయ్యి ఆనిస్తే ఇప్పటికీ దాని జబ్బేమిటో చెప్పేస్తాడు, కాకపోతే షెడ్డు నిండా ఉన్న మగ్గాల్లో ఏది మూలుగుతోందో తెలియాలిగా. ఆ సంగతి ఎదురింటావిడ రాత్రంతా విని, పొద్దున బాల్కనీలో నిలబడి చెబుతుంది. ఆయన తిన్నగా ఆ మగ్గం దగ్గరికే వెళ్తాడు. పని తెమలకపోతే ఆలస్యంగా వస్తాడు. మేడలో అందరికీ తెలుసు. బాయిలరు తాతకీ, ప్యాకింగు వాళ్లకీ, అందరికీ. ఒక్కరూ పైకి పొక్కనివ్వలేదు.

"ఇంకో ఏడు నెలలు గడిస్తే ఇరవై అయిదేళ్ల సర్వీసక్కా. ఆ తర్వాత చెవులు పోయాయన్నా, కాళ్లు పోయాయన్నా, ఈ ఇల్లు మాకు జీవితాంతం ఉంటుంది. ఇప్పుడు తెలిసిందంటే ఉద్యోగం, ఇల్లు రెండూ పోతాయి."

"మరి నాకెందుకు చెప్పలేదే? సొంత అక్కని."

"నీకు తప్పు కనబడితే చెప్పకుండా ఉండలేవు. పదో తరగతిలో నన్ను పట్టించింది నువ్వే కదా."

నిజమే. చీటీ దాని గాజుల్లో ఉంటే లాగి హెడ్మాస్టరుకి ఇచ్చింది నేనే. ఆ ఏడు అది ఇంట్లో కూర్చుంది. మళ్లీ బడికి వెళ్లలేదు. ఆ మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు, ఇన్నేళ్లకి మొదటిసారి వచ్చింది. "నిన్న నేను ఆఫీసుకి వెళ్లానే" అని అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోటి దాకా వచ్చింది, బయటికి రాలేదు.

ఇంటికి వెళ్లేసరికి తలుపు సందులో కాగితం ఉంది. శుక్రవారం పది గంటలకి మిల్లు డాక్టరు దగ్గర చెవుల పరీక్ష, ఒక్క ఈయనకే. శుక్రవారం వెళ్లాడు. చెవులకి ఏవో తగిలించి, మొహం గోడవైపు తిప్పి కూర్చోబెట్టారట. శనివారం మధ్యాహ్నం రెండో కాగితం వచ్చింది. ఇక షెడ్డులోకి రానక్కర్లేదు, నెల రోజుల్లో ఇల్లు ఖాళీ చేయాలి. మా మరిది దాన్ని మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని, ఉతికిన బట్టల బకెట్టు తీసుకెళ్లి తీగ మీద ఆరేశాడు. ఒక్కో చొక్కా దులిపి, భుజాలు సరిచేసి, నెమ్మదిగా ఆరేశాడు.

సాయంత్రం ఆరుబయట మేడంతా పోగైంది. ఎవరు చెప్పారు, ఎవరు చెప్పారు. నాలుగు భాషల్లో ఉన్నది అదొక్క ప్రశ్నేనని భాష రాకపోయినా నాకు తెలిసిపోయింది. బాయిలరు తాత చెయ్యెత్తి ఎదురింటావిడని చూపించాడు. బుధవారం పొద్దున ఆమె కాగితం పట్టుకుని ఆఫీసు నుంచి బయటికి రావడం తను చూశాడని అంటున్నాడట, మా చెల్లెలు చెప్పింది. పైగా ఆమె అల్లుడు అదే షెడ్డులో చిన్న మేస్త్రీ. పెద్ద మేస్త్రీ చోటు ఖాళీ అయితే ఎవరికి లాభం? నిప్పు లేనిదే పొగ రాదని వాళ్ల భాషలోనూ ఏదో సామెత ఉండి ఉంటుంది. ఆవిడ ఇంట్లోకి పరుగెత్తి ఆ కాగితం తెచ్చి అందరికీ చూపించింది. సెలవు చీటీ. ఎవరూ అందుకోలేదు. ప్యాకింగు వాళ్లు కిటికీలు మూసుకున్నారు.

నేను మూడో అంతస్తు మెట్ల దగ్గర నిలబడి అంతా చూస్తున్నాను. ఆమె ఏ పాపం ఎరగదని చెప్పగల మనిషిని ఆ మేడలో నేనొక్కతినే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటానేమోనని రెండు చేతులూ పిట్టగోడ కింద దాచుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం నా రైలు. ఎక్కేస్తే ఎవరికీ తెలియదు. కాపీ కొట్టిన పిల్లలు చేతులు ఎందుకు దాచుకుంటారో నాకు ఆ పూట తెలిసొచ్చింది.

ఆదివారం పొద్దున ఆరున్నరకి ఆవిడ బాల్కనీలోకి వచ్చింది. తలగుడ్డ మీద దూది అలాగే ఉంది. రాత్రి పనికి వెళ్లే ఉంటుంది, మగ్గాలు వినే ఉంటుంది. ఇక చెప్పి ఉపయోగం లేకపోయినా వచ్చింది. మూడు వేళ్లు చూపించింది. మా మరిది ఒక్క క్షణం చూశాడు. తర్వాత వీపు తిప్పి, లోపలికొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అవతల ఆవిడ మూడు వేళ్లూ అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

నేను ఆయన కుర్చీ వెనక ఉన్నాను. పెట్టె సర్దుతున్నదాన్ని సర్దుడు ఆపేశాను.

"ఆవిడ కాదు. నేను చెప్పాను" అన్నాను.

చెప్పేశాను. గుండెల మీద బండ దిగినట్టయింది. ఊపిరి పీల్చుకున్నాను కూడా. ఆయన టీ తాగుతున్నాడు. గ్లాసు కిందపెట్టి, అంచుకి అంటిన మీగడ వేలితో తీశాడు. వినలేదు. నేను ఆయన వెనక నిలబడి చెప్పాను, వినపడదని తెలిసే అక్కడ నిలబడి చెప్పాను. చెప్పానన్న తృప్తి నాకు, చెప్పలేదన్న రక్షణా నాకే. ఇలాంటి దొంగతనం ఏ పరీక్ష హాల్లోనూ చూడలేదు. నా మీద నాకే అసహ్యం పుట్టింది.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. అయినా కుర్చీ చుట్టూ తిరిగి ఆయన ఎదురుగా వెళ్లాను. లైటు వేశాను. కొంగు నోటికి అడ్డం లేకుండా నడుముకి దోపుకున్నాను. ఆయన అలవాటుగా లేవబోతూ నా పెదాల వంక చూశాడు.

"బుధవారం ఆఫీసుకి వెళ్లింది నేను. ఆవిడ మీద అనుమానంతో వెళ్లాను. మీరు పిలిస్తే పలకరని నేనే చెప్పాను. తొమ్మిదిసార్లని చెప్పాను."

వంటింటి గుమ్మంలో మా చెల్లెలు ఉంది. దాని వైపు చూసే ధైర్యం నాకు లేదు.

మా మరిది నా నోటి వంక చూస్తూనే ఉన్నాడు, నేను ఆపేశాక కూడా. ఇంకేమైనా ఉందేమోనని ఎదురుచూస్తున్నట్టు. తర్వాత లేచాడు. నన్ను తప్పుకుని బాల్కనీలోకి వెళ్లాడు. ఎదురు బాల్కనీ తలుపు మూసి ఉంది. ఆయన రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. గొంతెత్తి పిలవలేదు. ఎంతసేపని నిలబడతాడు అనుకుంటుండగా ఆ తలుపు తెరుచుకుంది. ఆవిడ బయటికొచ్చింది, కళ్లు తుడుచుకుంటూ. ఆయన చేతులు కదిలాయి. చాలా చెప్పాడు. అందులో ఒకసారి బొటనవేలు భుజం మీదుగా వెనక్కి, నా వైపుకి తిరిగింది. అది ఒక్కటి నాకు అర్థమైంది. ఆవిడ నా వంక చూడలేదు. ఆయన చేతులనే చూస్తోంది.

నేను గుమ్మం దాకా వెళ్లాను. "మరిదిగారూ, నన్ను క్షమించండి" అన్నాను. మళ్లీ అన్నాను. మూడోసారి కాస్త గట్టిగా కూడా అన్నాను.

"ఎందుకక్కా అరుస్తావు" అంది మా చెల్లెలు వెనక నుంచి. "ఆయన ఇటు చూడటం లేదు."